మిద్దె మీది యాంటెన్నా నుంచి నెల చందా దాకా



బెంగళూరుకు తూర్పున వర్తూరు అని ఒక ఊరు ఉంది. పెద్ద చెరువున్న ఊరు. ఒకప్పుడు పల్లె. 2007లో బెంగళూరు మహానగర పాలికెలో కలిసింది. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఇక్కడ ఉన్నాయి. మాదీ అలాంటి ఇల్లే. కోలారు, బళ్లారి, అనంతపురం, చిత్తూరు జిల్లాల్లో ఉన్న మీకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. మనవంటి సరిహద్దు వాళ్లకు టీవీ అంటే వినోదం ఒక్కటే కాదు. ఇంటి భాష ఇంట్లో వినబడుతుందా లేదా అన్న ప్రశ్న కూడా. ఈ యాభై ఏళ్లలో ఆ ప్రశ్నకు ఎవరెవరు జవాబు చెప్పారో ఈ పూట చూద్దాం.

మొదట జవాబు చెప్పింది ప్రభుత్వం. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాది పాటు 'సైట్' అనే ప్రయోగం జరిగింది. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు అందాయి. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక రెండూ ఆ ఆరింటిలో ఉన్నాయి. ఊరందరికీ కలిపి ఒకటే టీవీ. చందా మాటే లేదు. తర్వాత 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం, 1981లో బెంగళూరు కేంద్రం మొదలయ్యాయి. దగ్గరున్న టవరు ఏ భాష పలికితే ఇంట్లో ఆ భాషే. వర్తూరులో మిద్దె మీద యాంటెన్నా ఎంత తిప్పినా హైదరాబాదు అందేది కాదు.

రెండో జవాబు కేబులు వాళ్లది. 1991లో గల్ఫ్ యుద్ధం, స్టార్ టీవీ ఒకే ఏడు వచ్చాయి. వీధికొక పెద్ద డిష్షు, దాని నుంచి ఇంటింటికీ తీగ. 1992లో జీ, 1993లో సన్, 1994లో ఉదయ, 1995లో జెమిని, ఈటీవీ వచ్చాయి. ఉపగ్రహానికి రాష్ట్ర సరిహద్దు లేదు కదా! అయితే ఏ చానలు తీగలోకి ఎక్కాలో నిర్ణయించేది కేబులు అబ్బాయి. నెల నెలా డబ్బుకు గుమ్మం దగ్గరికి వచ్చేవాడు. "మా వీధిలో తెలుగువాళ్లం ఇంతమందిమి ఉన్నాం, ఈటీవీ వెయ్యి నాయనా" అని అడిగేవాళ్లం. అడగడానికి ఒక మనిషి ఉండేవాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఇక చందా చానళ్ల సంగతి. అవి ఇంటి లెక్కన కేబులు వాళ్ల దగ్గర డబ్బు అడిగాయి. కాని పాత తీగలో ఎన్ని ఇళ్లున్నాయో లెక్క తేలేది కాదు. ఆ తగాదాలోంచే సెట్‌టాప్ బాక్సు వచ్చింది. 2011లో కేబులు చట్టాన్ని సవరించారు. బెంగళూరు, మైసూరు, హైదరాబాదు, విశాఖపట్నాలకు 2013 మార్చి 31 గడువు పెట్టారు.

మూడో జవాబు ధరల పట్టికది. 2019 ఫిబ్రవరి 1 నుంచి ట్రాయ్ కొత్త విధానం అమలైంది. మొదటి వంద చానళ్లకు 130 రూపాయలు, పైన పన్ను. చందా చానళ్లకు వేరే ధర. కావలసినవే కొనుక్కోండి అన్నారు. మాట బాగానే ఉంది. మా ఇంట్లో ఏం జరిగిందో వినండి. మాకిచ్చిన ప్యాకేజీ రాష్ట్రాన్ని బట్టి కట్టినది. ఒక ఉదయం తెలుగు చానళ్లు కనబడలేదు. మనవలు ఇంగ్లీషులో మాట్లాడుకుంటుంటే మా అమ్మ నన్ను అడిగింది: "టీవీ కూడా తెలుగు మరిచిపోయిందా?" నాకు జవాబు తోచలేదు. ఊరి సంగతులకు కన్నడం కావాలి, అమ్మకు తెలుగు కావాలి. ఒక భాష ఇల్లు ఒకసారి కడితే, రెండు భాషల ఇల్లు రెండుసార్లు కట్టాలి. సరిహద్దున పుట్టినందుకు ఇదొక సుంకం!

నాలుగో జవాబు ఇంటర్నెట్టుది. 2016లో నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్ వీడియో వచ్చాయి. అదే ఏడు సెప్టెంబరులో జియో రావడంతో డేటా చవకైంది. 2020లో తెలుగు కోసమే 'ఆహా' మొదలైంది. హైదరాబాదులో చూసే బొమ్మే వర్తూరులోనూ. సరిహద్దు చెరిగింది. ఒకే సినిమాను నచ్చిన భాషలో వినవచ్చు. కాని క్రికెట్ ఒకచోట, సినిమా మరోచోట. ఒక్కొక్కదానికీ ఒక చందా, ఒక పాస్‌వర్డ్. 2025 ఫిబ్రవరిలో జియోసినిమా, హాట్‌స్టార్ కలిసి ఒకటయ్యాయి. విడివిడిగా అమ్మినవారు మళ్లీ మూట కట్టడం మొదలుపెట్టారన్నమాట. గుమ్మం దగ్గరికి వచ్చి అడిగేవారు లేరు, మనం అడగడానికీ ఎవరూ లేరు. మా అమ్మకు ఓటీపీ అంటే ఏమిటో నేటికీ తెలియదు.

చందా కట్టలేనివారికి ఒక దారి ఉంది. 2004 డిసెంబరులో మొదలైన దూరదర్శన్ ఉచిత డిష్షుకు నెల చందా లేదు. తెలుగువారి యాదగిరి, సప్తగిరి, కన్నడిగుల చందన మూడూ అందులో వస్తాయి.

శ్రోతలారా, ఎంచుకునే హక్కు టవరు నుంచి తీగకు, తీగ నుంచి మన వేలికి వచ్చింది. అయితే ఆ వేలు ఇంట్లో చిన్నవాళ్లది. పెద్దవాళ్ల కోసం ఆ వేలు కదలాలి. ఈ సాయంత్రం మీ ఇంటి పెద్దలను ఒక మాట అడగండి: "నీకు ఏం చూడాలని ఉంది?" ఆ బొమ్మ పెట్టి, పక్కనే కాసేపు కూర్చోండి.