కంప్యూటరుకు ఆయుష్షెంత?

రైలు పెట్టె చివరి గోడ మీద రంగుతో రాసి ఉండే అక్షరాలు మీరు ఎప్పుడైనా చదివారా? పి.ఓ.హెచ్. అని ఉంటుంది. దాని పక్కన ఒక వర్క్‌షాపు పేరు పొడి అక్షరాల్లో, ఆ కింద తేదీలు. పి.ఓ.హెచ్. అంటే పీరియాడికల్ ఓవర్‌హాల్. ఏడాదికో ఏడాదిన్నరకో ఒకసారి పెట్టెను వర్క్‌షాపుకు తెచ్చి, విప్పి, అరిగిన భాగాలు మార్చి, మళ్లీ బిగించి పంపడమన్నమాట. ఈ పని చేసే పెద్ద వర్క్‌షాపుల్లో ఖరగ్‌పూర్ ఒకటి. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంనుండి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల వారు ఆ ఊరికి వలస వెళ్లారు. వారి మనుమలు, మునిమనుమలు ఇప్పటికీ అక్కడి రైల్వే కాలనీల్లో తెలుగు మాట్లాడుతున్నారు. ట్రాఫిక్ అలాంటి పేటే. పేరు చూసి వాహనాల రద్దీ అనుకోకండి. రైళ్ల రాకపోకలు చూసే శాఖను రైల్వేలో ట్రాఫిక్ అంటారు.

ఆ పేటలో, వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన మనవడికి కాలేజీ కోసం లాప్‌టాప్ కొనబోతూ నన్ను అడిగారు: "పెట్టెకి పాతికేళ్లని మాకు రాసిచ్చీవారు బాబూ. దీనికి ఎన్నేళ్లు?" పాతరకం ఉక్కు పెట్టెకు రైల్వే లెక్కలో ఆయుర్దాయం 25 ఏళ్లే. లాప్‌టాప్‌కు కూడా మన చట్టంలో ఒక లెక్క ఉంది. 2013 నాటి కంపెనీల చట్టం రెండో షెడ్యూలు ప్రకారం డెస్క్‌టాప్, లాప్‌టాప్‌ల ఉపయోగకాలం 3 ఏళ్లు, సర్వర్లది 6 ఏళ్లు. ఆ మాట చెబితే పెద్దాయన నవ్వారు. అంత ఖరీదైన వస్తువు మూడేళ్లకే ముసలిదైపోతుందా?

దీనికి జవాబు కోసం కాస్త వెనక్కి వెళ్దాం. అమెరికాలో 1945లో తయారై, 1946లో లోకానికి తెలిసిన ఎనియాక్ కంప్యూటరులో దాదాపు 18 వేల వాక్యూం ట్యూబులు ఉండేవి. అన్ని ట్యూబులున్న యంత్రం ఏదో ఒకటి మాడిపోయి నిముషాల్లోనే ఆగిపోతుందని చాలామంది ఇంజనీర్లు అనుకున్నారు. దాన్ని రూపొందించినవారిలో ఒకరైన ఎకర్ట్ ట్యూబులను వాటి శక్తికంటే తక్కువలో నడిపించాడు. ఆర్పి వెలిగిస్తే అవి త్వరగా పోతాయి కనుక యంత్రాన్ని వీలైనంత వరకు ఆర్పేవారు కాదు. చివరికి రెండు రోజులకు ఒక ట్యూబు పోయే స్థితికి వచ్చింది.

ఇక్కడ చిన్న లెక్క చేద్దాం. 18 వేల ట్యూబుల్లో 48 గంటలకొకటి పోతే, సగటున ఒక్కో ట్యూబుకు 8 లక్షల 64 వేల గంటలు వస్తాయి. సుమారు 98 ఏళ్లు! అయినా యంత్రం రెండు రోజులకోసారి మొరాయించేది. హార్డ్‌డిస్కు కాగితాల్లో "10 లక్షల గంటలు" అని కనిపిస్తే అది కూడా ఇలాంటి సగటే. మీ డిస్కు 114 ఏళ్లు బతుకుతుందని దానర్థం కాదు. అలాంటివి వెయ్యి నడుస్తుంటే సుమారు 42 రోజులకొకటి పోవచ్చు, అంతే. ఆ ఒక్కటీ మీదే కావచ్చు.

మరి ఎనియాక్ 1955 అక్టోబరు వరకు ఎలా పనిచేసింది? చెడిన ట్యూబు ఎక్కడుందో పావుగంటలో కనిపెట్టి, లాగేసి మరొకటి గుచ్చేవారు. దాని జీవితంలో ఆగకుండా నడిచిన గరిష్ఠకాలం 116 గంటలు మాత్రమే. అంటే అది తరచుగా చెడుతూనే పదేళ్లు బతికింది.

మన దేశంలో ఇంతకంటే విచిత్రం జరిగింది. ఐ.బి.ఎం. 1959లో ప్రకటించిన 1401 అనే ట్రాన్సిస్టర్ కంప్యూటర్లు 1960లలో మన రైల్వేల్లోనూ, ఇతర సంస్థల్లోనూ జీతాల పట్టీలు, లెక్కలు చూసేవి. వాటిలో చాలావాటిని ఇతర దేశాల్లో వాడి తీసేశాక తెచ్చి, బాగుచేసి, ఇక్కడ అద్దెకిచ్చారు. పాత సరుకు అంటగడుతున్నారని విమర్శలు కూడా వచ్చాయి, న్యాయమే. 1978లో విదేశీ మారకద్రవ్య చట్టం కింద వాటా తగ్గించుకోవడానికి ఒప్పుకోక ఆ కంపెనీ దేశం విడిచి వెళ్లింది. యంత్రాలు మాత్రం ఇక్కడే ఉండిపోయాయి. వాటిని చూసుకునే పని అప్పటికే ఏర్పాటైన ప్రభుత్వసంస్థ కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్, అంటే సి.ఎం.సి. తలకెత్తుకుంది. తయారుచేసినవాడు లేకపోయినా అవి నడిచాయి. కారణం వాటి నిర్మాణంలో ఉంది. 1401 లోపల చిన్న చిన్న కార్డులు గుచ్చి ఉంటాయి. ఒక్కో కార్డు మీద కంటికి కనిపించే ట్రాన్సిస్టర్లు, నిరోధకాలు. చెడిన కార్డు తీసి మంచిది గుచ్చవచ్చు, తీసిన కార్డు మీద చెడిన ట్రాన్సిస్టరును మార్చి అతకవచ్చు. కాలిఫోర్నియాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియంలో స్వచ్ఛంద కార్యకర్తలు రెండు 1401లను ఇలాగే బాగుచేసి మళ్లీ నడిపించారు.

ఇప్పుడు లాప్‌టాప్ సంగతి. చిప్పులో ఆ వేల కార్డులు గోటి మీద ఇమిడిపోయాయి. నిజానికి చిప్పు చాలా గట్టిది, ముందుగా పోయేది అది కాదు. మొదట పోయేది బ్యాటరీ. లిథియం అయాన్ బ్యాటరీ కొన్ని వందల సార్లు నింపి ఖాళీ చేసేసరికి నీరసిస్తుంది. పూర్తిగా నింపి వేడిలో ఉంచితే ఇంకా త్వరగా. తర్వాత దుమ్ము పట్టిన ఫ్యాను, మూత కీళ్లు, ఛార్జరు దూర్చే రంధ్రం. వీటన్నిటికీ ఉమ్మడి శత్రువు వేడి. విద్యుద్విశ్లేష్యం నింపిన కెపాసిటర్ల విషయంలో ఇంజనీర్లకు ఒక మోటు సూత్రం ఉంది: ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుంది. మే నెలలో ఖరగ్‌పూర్‌లోనో విజయవాడలోనో పరుపు మీద పెట్టి, గాలి రంధ్రాలు మూసేసి పనిచేసేవారు ఈ సూత్రాన్ని గుర్తుంచుకోవాలి. నా మొదటి లాప్‌టాప్‌ను నేనే అలా చంపుకున్నాను.

ఇవి అన్నీ మార్చదగిన భాగాలే. కాని 2008 తర్వాత సన్నని లాప్‌టాప్‌ల మోజు మొదలై బ్యాటరీ లోపలికి పోయింది. 2012 నాటికి కొన్నిటిలో దాన్ని జిగురుతో అతికించారు, మెమొరీని బోర్డు మీదే టంకం వేశారు. మెమొరీ చెడితే బోర్డంతా మార్చాలి. బోర్డు ధర వింటే కొత్తదే మేలనిపిస్తుంది.

మరో రకం చావు కూడా ఉంది, శరీరంలో ఏ లోపమూ లేకుండా వచ్చేది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 కావాలంటే భద్రతకు సంబంధించిన ప్రత్యేక చిప్పు, సుమారు 2018 తర్వాతి ప్రాసెసరు ఉండాలి. చక్కగా నడుస్తున్న ఎన్నో యంత్రాలు అలా వెలిపడ్డాయి. వాటిలో లినక్స్ వేసుకుంటే చదువుకు, రాతకు ఇంకా కొన్నేళ్లు హాయిగా వాడుకోవచ్చు.

కనుక పెద్దాయనకు నేను కంపెనీ పేరు చెప్పలేదు. కొనేముందు ఆ మోడల్‌ను విప్పే పద్ధతి చూపించే మాన్యువల్‌ను తయారీదారు బయటపెట్టాడో లేదో చూడమన్నాను. ఆఫీసుల కోసం చేసే మోడళ్లకు ఇది తరచుగా దొరుకుతుంది. అడుగు మూత స్క్రూలతో ఉందా, మెమొరీకి ఖాళీ గాడి ఉందా, డిస్కు, బ్యాటరీ ఊడి వస్తాయా అని అడగమన్నాను. ఛార్జింగును 80 శాతం దగ్గర ఆపే సదుపాయముంటే వాడమన్నాను. అన్నీ చూసి కొంటే ఏడెనిమిదేళ్లు ఆశించడం అత్యాశ కాదని నా అభిప్రాయం. మధ్యలో ఒక బ్యాటరీ, ఒక ఫ్యాను ఖర్చు వేసుకోవాలి.

పెద్దాయన కొట్టుకు వెళ్లి లాప్‌టాప్‌ను బోర్లించి చూపించమన్నారట. కొట్టువాడు తెల్లబోయాడని మనవడు ఫోనులో చెప్పి నవ్వాడు. కొన్న రోజు తేదీని తాతగారు అడుగు మూత మీద చిన్న తెల్లరంగు అక్షరాలతో రాశారట, దాని కింద ఏడాదిన్నర తర్వాతి తేదీ కూడా.