జీనులు కుట్టినవాని పేరిట నిధి

1925వ సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీన జర్మను గణతంత్రపు ప్రథమాధ్యక్షుడు ఫ్రీడ్రిఖ్ ఎబర్ట్ బెర్లిను నగరమున మరణించెను. హైడల్‌బెర్గులో దర్జీ యింట పుట్టి, జీనులు కుట్టు పని నేర్చి, కార్మికసంఘములలో మెట్టుమెట్టుగా పైకి వచ్చి, 1913లో బేబెల్ అనంతరము సోషల్ డెమొక్రాటిక్ పార్టీకి నాయకుడై, 1919లో దేశాధ్యక్షపదవి నధిష్ఠించిన ఆ మహనీయుని కడపటి మాసములు మిక్కిలి దుఃఖభాజనములు. మొదటి ప్రపంచయుద్ధము నడుమ, 1918 జనవరిలో, ఆయుధకర్మాగారములలో చెలరేగిన సమ్మెను త్వరగా ముగింపజేయు తలంపుతో ఆయన దాని నాయకసంఘమున చేరియుండగా, అదియే దేశద్రోహమని ఒక పత్రికాసంపాదకుడు నిందించెను. ఎబర్ట్ దావా వేయగా, 1924 డిసెంబరులో మాగ్దెబుర్గు న్యాయస్థానము ఆ సంపాదకునకు శిక్ష విధించుచునే, చట్టదృష్టిలో ఆ నింద సత్యమేయని తీర్పునందు వ్రాసెను. యుద్ధమునకు ఇద్దరు కుమారుల నర్పించిన తండ్రికి న్యాయపీఠము చేసిన సత్కారమిది. ఆ కళంకమును తుడిచికొను యత్నములో దేహమును నిర్లక్ష్యము చేసి, అపెండిసైటిస్ వ్యాధికి సకాలమున చికిత్స పొందక, 54 ఏండ్ల వయస్సున ఆయన కన్నుమూసెను. అంత్యక్రియల సందర్భమున పోగైన విరాళములతో, ఆ మార్చిలోనే, ఆయన పేరిట ఒక నిధి వెలసెను. విశ్వవిద్యాలయముల గడప త్రొక్కలేని కార్మికయువకులకు విద్యార్థివేతనము లిచ్చుట, పౌరులకు ప్రజాస్వామ్యశిక్షణ గఱపుట, జాతుల మధ్య సౌహార్దము పెంపొందించుట దాని ఆశయములు.

ఎబర్ట్ చరిత్రలో మచ్చలు లేవని నే ననను. 1919 జనవరిలో బెర్లిను తిరుగుబాటును అణచుటకు ఆయన ప్రభుత్వము పాతసైన్యపు అధికారులను, స్వచ్ఛందదళములను ఆశ్రయించెను. కమ్యూనిస్టు నాయకురాలు రోజా లక్సెంబర్గును హత్యచేసినవారు ఆ దళములవారే. నేడు ఆమె పేరిటను ఒక నిధి కలదు. రెండు సంస్థలును ఒకే పార్లమెంటు మంజూరుచేయు ధనముతో, తఱచుగా ఒకే నగరమున పనిచేయుచున్నవి. కాని వైమారు గణతంత్రమను ఆ తొలి జర్మను గణతంత్రమునకు కలిగిన అసలు లోపమును ఎబర్ట్ అనుచరులు సరిగా గుర్తించిరి. రాజ్యాంగము ఉత్తమము, దానిని తమదిగా భావించు న్యాయాధిపతులు, ఆచార్యులు, సేనానులు అరుదు. అట్టివారిని తయారుచేయుటకు ఒక తరము పట్టును. ఆ వ్యవధి వారికి దొరకలేదు. 1933లో నాజీలు నిధిని నిషేధించిరి.

రెండవ ప్రపంచయుద్ధానంతరము 1947లో నిధి పునరుద్ధరింపబడెను. 1954లో స్వతంత్రమైన రిజిష్టరు సంఘమైనది. 1956లో బెర్గ్‌నొయ్‌ష్టాటు అను చిన్నయూరిలో వయోజనుల కొఱకు తన మొదటి వసతివిద్యాలయమును తెఱచెను. అంతవఱకు దాని దృష్టి ప్రధానముగా స్వదేశము మీదనే. 1960 ప్రాంతమున ఆఫ్రికాలో దేశములు వరుసగా స్వతంత్రములగుచుండగా, 1961లో బాన్‌లోని పశ్చిమజర్మను ప్రభుత్వము ఆర్థికసహకారమునకు ప్రత్యేకమంత్రిత్వశాఖ నేర్పఱచి, మఱుసటి యేటినుండి పార్టీలకు సన్నిహితములైన ఇట్టి రాజకీయనిధుల విదేశకార్యములకు ధనమీయసాగెను. ఈ ఔదార్యమునకు వెనుక తూర్పు జర్మనీతోడి పోటీ లేకపోలేదు. అయినను ఈ యేర్పాటునం దొక లోతైన వివేకము కలదు. రాయబారి తాను నియుక్తుడైన దేశపు ప్రభుత్వముతోనే వ్యవహరింపవలయును. ప్రతిపక్షనాయకుని యింటికి పలుమాఱు పోయెనేని అది అపరాధముగా ఎంచబడును. నిధి ప్రతినిధి కట్టి నిర్బంధము లేదు. అతడు కార్మికసంఘముల కార్యాలయములలో కూర్చుండవచ్చును, సహకారసంఘముల పాఠశాలలకు తోడ్పడవచ్చును, చెఱనుండి విడుదలయైన రచయితను సభకు పిలువవచ్చును. నేటి ప్రతిపక్షము రేపటి ప్రభుత్వము కావచ్చును గదా!

ధనము విషయమై జర్మనీలోనే తీవ్రమైన వివాదములు జరిగెను. 1966లో రాజ్యాంగన్యాయస్థానము, రాజకీయశిక్షణ పేరిట పార్టీలకు సాధారణముగా ప్రభుత్వధన మిచ్చుట చెల్లదనెను. అటుపిమ్మట 1967 నుండి పార్టీలతో సాన్నిహిత్యమున్నను చట్టరీత్యా వేఱైన నిధులకే గ్రాంటులు సమకూడినవి. పార్టీలకు దొడ్డిదారిన సొమ్ము చేర్చుటకే ఈ నిధు లున్నవని గ్రీన్ పార్టీ ఫిర్యాదు చేయగా, అవి పార్టీలనుండి స్వతంత్రములుగా వర్తించుచున్నంతవఱకు గ్రాంటులు న్యాయసమ్మతములని 1986లో ఆ న్యాయస్థానమే తేల్చెను. తరువాత గ్రీన్ పార్టీకిని హైన్రిఖ్ బోల్ పేరిట ఒక నిధి ఏర్పడినది.

ఈ సుదీర్ఘచరిత్రలో నా మనస్సును మిక్కిలి ఆకర్షించునది పోర్చుగల్ వృత్తాంతము. సలజారు స్థాపించిన నియంతృత్వము ఆ దేశమును దశాబ్దములుగా పీడించుచుండెను. మారియో సోరెస్ అను న్యాయవాది పారిస్‌లో ప్రవాసియై యుండెను. 1973 ఏప్రిల్ 19న, బాన్ సమీపమందలి బాడ్ మ్యూన్‌స్టరైఫెలు పట్టణమున, ఎబర్ట్ నిధివారి శిక్షణాలయములో పోర్చుగీసు సోషలిస్టుల చిన్నకూటమి సమావేశమై, తమ సంఘమును రాజకీయపార్టీగా మార్చవలెనా యని చర్చించెను. అనుకూలురు 20 మంది, ప్రతికూలురు 7గురు. స్వదేశములో బహిరంగసభ జరుపు హక్కు లేని ఆ గుప్పెడుమంది తీర్మానమును ఆనాడు లోకము గమనింపలేదు. ఏడాదియు ఆఱు దినములును గడచినవో లేదో, 1974 ఏప్రిల్ 25న సైన్యము ఆ నియంతృత్వమును కూలద్రోయగా, లిజ్బను వీథులలో సైనికుల తుపాకిగొట్టములందు ఎఱ్ఱని కార్నేషను పువ్వులు విరిసెను. సోరెస్ రైలెక్కి స్వదేశము చేరెను.

అటుపిమ్మటి నెలలు అతిక్లిష్టములు. కమ్యూనిస్టులును, తీవ్రవామపక్ష సైన్యాధికారులును అధికారమునకై త్వరపడుచుండిరి. అమెరికా విదేశాంగమంత్రి కిసింజరు, సోరెస్‌ను రష్యాలో కమ్యూనిస్టులకు ఓడిపోయిన కెరెన్‌స్కీతో పోల్చి ఆశ వదలుకొనెను. జర్మను సోషల్ డెమొక్రాటు విల్లీ బ్రాంట్ ప్రభృతులగు యూరపు సోషలిస్టులు మాత్రము ఆశ వదలలేదు. ఎబర్ట్ నిధి కొత్తపార్టీకి ధనమును, కార్యకర్తలకు శిక్షణమును సమకూర్చెను. 1975 ఏప్రిల్ 25న జరిగిన రాజ్యాంగసభ యెన్నికలలో నూటికి 90 మందికి మించి వోటు వేయగా, సోషలిస్టులు ప్రథమస్థానము పొందిరి. 1976లో సోరెస్ ప్రధానమంత్రి యయ్యెను. ఈ విజయమును జర్మనులదిగా చెప్పుట అన్యాయము. చెఱలను ప్రవాసములను భరించినవారు పోర్చుగీసులు. విప్లవము చేసినవారు పోర్చుగీసు సైనికులు. బారులు తీరి వోటు వేసినవారు పోర్చుగీసు పల్లెలవారు. నిధి చేసినదెల్ల, ఆ ఘడియ రాకమునుపే వారిని నమ్మి ఒక సభాశాలను తెఱచుట, వచ్చిన పిదప వారి చేయి విడువకుండుట. పరదేశసహాయము ఇంతకు మించిన పాత్రను కోరరాదని నా దృఢమైన అభిప్రాయము.

స్పెయినులోను 1975లో ఫ్రాంకో మరణానంతరము నిధి సోషలిస్టులకు తోడ్పడెను. ఐతే 1984లో, జర్మను కోటీశ్వరుడు ఫ్లిక్ సొమ్ము నిధి ద్వారా తమ పార్టీకి చేరెనన్న ఆరోపణను స్పెయిను సోషలిస్టు నాయకుడు ఫెలీపే గొన్సాలెస్ బహిరంగముగా ఖండింపవలసివచ్చెను. ఆదాయపు లెక్కలు వెలుతురులో లేనిచో సత్కార్యమునకైనను ఇట్టి నీడ తప్పదు. లాటిన్ అమెరికాలో సైనికపాలనలు ప్రబలిన కాలమున, నిధి ప్రోత్సాహముతో 1972లో కోస్టారికాలో ప్రారంభమైన ‘నువేవా సొసియెదాద్’ పత్రిక ఆ ఖండపు మేధావులకు చర్చావేదిక యయ్యెను. 1983లో అమెరికనులు పరదేశములలో ప్రజాస్వామ్యమునకు తోడ్పడు నేషనల్ ఎండోమెంట్ ఫర్ డెమొక్రసీని నెలకొల్పినప్పుడు ఈ జర్మను సంప్రదాయమునే ఆదర్శముగా గైకొనిరి.

ఎబర్ట్ నిధి విశిష్టత మఱియొకటి కలదు. దానికి వోటుపెట్టె మాత్రమే ప్రజాస్వామ్యము కాదు. కార్మికుడు యజమానియెదుట కూర్చుండి కూలి నిర్ణయించుకొనగలుగుట, రోగము వచ్చినవాడు అప్పులపాలు గాకుండుట, స్త్రీకి సమానవేతనము లభించుట, ఇవియు దాని దృష్టిలో ప్రజాస్వామ్యములోనివే. ఇందువలననే అది నేడు సుమారు నూఱు దేశములలో, మన న్యూఢిల్లీలోనుగూడ, కార్మికసంఘములతో సాన్నిహిత్యము పాటించుచున్నది. ఆకలితోనున్నవానికి వోటుహక్కు అనావశ్యకమని నే ననను. ఐతే కూలి మాటాడు ధైర్యము లేనివాడు ఆ హక్కును ఎంతకాలము నిలుపుకొనగలడు?

పరదేశపు ధనమన్నచో శంక సహజమే. పరపాలన ననుభవించిన జాతులకు ఆ శంక రక్తములోనే యున్నది. దానిని నిందింపరాదు. కాని నియంతలు దానిని తమ రక్షణకై వాడుకొందురు. ఈజిప్టులో మఱియొక జర్మను రాజకీయనిధియగు కాన్రాడ్ ఆడెనవర్ నిధి ఉద్యోగులకు 2013లో కారాగారశిక్షలు విధింపబడెను. వారు నిర్దోషులని న్యాయస్థానము 2018లో ప్రకటించువఱకు ఐదేండ్లు గడచినవి. 2022 ఏప్రిల్‌లో, యుక్రెయినుపై దండెత్తిన కొలది వారములకే, రష్యా ప్రభుత్వము ఎబర్ట్ నిధితో సహా పెక్కు విదేశసంస్థల అనుమతులను రద్దుచేసెను.

చిత్రమేమనగా, ఇన్ని దేశములలో చట్టబద్ధపాలనను ప్రబోధించిన ఈ నిధుల ధనమునకు జర్మనీలోనే ప్రత్యేకమైన చట్టము లేకుండెను. ఏటేట బడ్జెటు పద్దుతోనే పని గడచుచుండెను. తీవ్రజాతీయవాదులైన ఏ.ఎఫ్.డి. పార్టీ తన నిధికి వాటా ఈయలేదని వ్యాజ్యమాడగా, చట్టము లేకయే ఆ నిధిని గ్రాంటునుండి తొలగించుట పార్టీలకుగల సమానావకాశహక్కునకు భంగమని 2023 ఫిబ్రవరి 22న రాజ్యాంగన్యాయస్థానము తీర్పుచెప్పెను. ఆ యేడాది చివరనే చట్టము వచ్చినది. సన్నిహితపార్టీ వరుసగా మూడుమాఱులు పార్లమెంటుకు ఎన్నిక కావలెననియు, స్వేచ్ఛాయుత ప్రజాస్వామ్యవ్యవస్థకు నిధి కట్టుబడియుండవలెననియు అది నియమించినది. మొదటి నియమమును లెక్కపెట్టి చూడవచ్చును. రెండవదానిని ఎవరు, ఏ సాక్ష్యముతో తేల్చవలెనను వివాదము ఆ దేశమున ఇంకను తెగలేదు.