పేరుకా డబ్బు, పనికా?

పెళ్ళికో, పిల్లల గ్రాడ్యుయేషన్‌కో కానుక కొనాల్సి వచ్చినప్పుడు మన ఇళ్ళలో ఒక మాట వింటూ ఉంటాను. "బట్టలు కుట్టేవాళ్ళకి గడియారాలెందుకండీ? అదంతా పేరుకిచ్చే డబ్బు" అని. అందులో నిజమెంతో తేల్చుకోవడానికి ఈ వారం పారిస్‌లోని షనెల్ సంస్థ కథ చెప్పుకుందాం.

కోకో షనెల్ 1971లో కన్నుమూశారు. ఆవిడ ఉండగా ఆ సంస్థ చేతిగడియారం చెయ్యలేదు. మొదటిది 1987లో వచ్చింది. పేరు 'ప్రీమియేర్', అంటే ఫ్రెంచిలో మొదటిది అనే. గీసినవాడు జాక్ ఎల్యూ, ఆ సంస్థ కళాదర్శకుడు. నంబర్ 5 సెంటు సీసా మూతలా ఎనిమిది పలకల ఆకారం, 1955 నాటి చేతిసంచి గొలుసులా తోలు పెనవేసిన పట్టీ. ముఖం మీద ఒక్క అంకె కూడా లేదు!

అంకెల్లేని గడియారం ఎలా అమ్ముడైందంటారా? 1969 డిసెంబరులో జపాను కంపెనీ సైకో క్వార్ట్జ్ చేతిగడియారం తెచ్చింది. ఆ తరవాత కొన్నేళ్ళలోనే సరైన టైము చవకైపోయింది. స్విట్జర్లాండులో వేలాది పనివాళ్ళ బతుకులు తలకిందులయ్యాయి. టైము ఎక్కడైనా దొరుకుతున్నప్పుడు జనం చూసేది అందమే కదా! ఫ్యాషన్ ఇళ్ళకు తలుపు తెరుచుకున్నది అక్కడే. ప్రీమియేర్ లోపల ఉన్నదీ క్వార్ట్జే.

కథ అక్కడే ఆగి ఉంటే పై మాట పూర్తిగా నిజమయ్యేది. కానీ 1993లో షనెల్ స్విట్జర్లాండులోని లా షో ద ఫాన్ ఊళ్ళో షాత్‌లేన్ అనే కార్ఖానా కొన్నది. 2000లో నల్ల సిరామిక్‌తో 'జె12', 2003లో తెల్లది వచ్చాయి. సిరామిక్ వీళ్ళు కనిపెట్టింది కాదు, రాడో 1980లలోనే వాడింది. అయితే దానికి మోజు తెచ్చింది మాత్రం జె12. గీతలు అంత సులువుగా పడవు గానీ, గట్టి నేల మీద పడితే పగలొచ్చు. అది గుర్తుంచుకోవాలి.

2016లో 'మొసియే' గడియారంలో సొంతంగా రూపొందించిన యంత్రం పెట్టారు. గంట అంకె ఒక్కసారిగా మారుతుంది, నిమిషాల ముల్లు చివరికెళ్ళి వెనక్కి దూకుతుంది. అంటే ఆకారంతో మొదలెట్టినవాళ్ళు ముప్ఫై ఏళ్ళలో లోపలి పని దాకా వచ్చారన్నమాట.

కాబట్టి నా మట్టుకు ఆ మాట సగమే నిజం. ఫ్యాషన్ పేరున్న గడియారాలన్నీ ఒకటి కావు. కొన్నిటికి పేరు అద్దెకిస్తారు, చేసేది ఇంకొకరు. కొనే ముందు దుకాణంలో మూడు ప్రశ్నలు అడగండి: లోపలి యంత్రం ఎవరిది? క్వార్ట్జా, ఆటోమేటిక్కా? చెడితే బాగుచేసేదెక్కడ? జవాబు తడుముకుంటే పేరుకే ఇస్తున్నట్టు. అది తెలిసి, అందం నచ్చి కొనుక్కుంటే తప్పేమీ లేదు. తెలియక కొంటేనే నష్టం.

వచ్చే వారం మళ్ళీ కలుద్దాం. సెలవు.