లకుముకి ముక్కుతో బుల్లెట్ రైలు

1990ల మొదట్లో జపాన్ బుల్లెట్ రైలు ఇంజనీర్లకు వేగం పెంచడం కన్నా చప్పుడు తగ్గించడమే పెద్ద తలనొప్పి అయింది. ఒసాకా నుంచి హకాతా వెళ్లే సాన్యో మార్గంలో సగం దాకా సొరంగాలే. గంటకు 300 కిలోమీటర్ల వేగంతో రైలు సొరంగంలోకి దూరితే, ముందున్న గాలికి పక్కకు తప్పుకునే చోటుండదు. నొక్కుకుపోయిన ఆ గాలి ఒత్తిడి, అలలా ధ్వని వేగంతో పరుగెత్తి అవతలి మూతి దగ్గర ఢామ్మని పేలుతుంది. శబ్దకాలుష్య నిబంధనలేమో కఠినం.

రైల్వే సంస్థ జేఆర్ వెస్ట్‌లో ఈ చిక్కు విప్పే పని ఎయిజి నకత్సుది. సెలవు రోజుల్లో ఆయన సరదా పక్షుల్ని చూడటం. 1990లో ఒక విమాన ఇంజనీరు పక్షుల మీద ఇచ్చిన ఉపన్యాసం విన్నాడు. గుడ్లగూబ సంగతి అందులోనే తెలిసింది: అది ఎగిరితే ఎలుకకు కూడా వినపడదు. దాని రెక్క ఈకల అంచుకు రంపపు పళ్లలాంటి నొక్కులుంటాయి. అవి పెద్ద గాలి సుడుల్ని చిన్న సుడులుగా చీల్చేస్తాయి. అలాంటి చిన్న చిన్న ఉబ్బెత్తుల్ని రైలు కప్పు మీద కరెంటు అందుకుంటూ గాలిలో రొద చేసే పాంటోగ్రాఫ్‌కు పెట్టారు. రొద తగ్గింది.

సొరంగం సంగతి మిగిలింది. తక్కువ నిరోధం ఉన్న చోటు నుంచి ఎక్కువ నిరోధం ఉన్న చోటికి ఒక్కసారిగా దూసుకెళ్లే జీవి ఏదని నకత్సు ఆలోచించాడు. గాలిలోంచి నీళ్లలోకి దూకి చేపను పట్టే లకుముకి పిట్ట తట్టింది. రకరకాల ఆకారాల తూటాల్ని గొట్టంలోకి పేల్చి ఒత్తిడి కొలిచారు, కంప్యూటర్లతో లెక్కలు కట్టారు. నెగ్గిన ఆకారం లకుముకి ముక్కును పోలి ఉంది. 1997 మార్చిలో పట్టాలెక్కిన 500 సిరీస్ రైలుకు 15 మీటర్ల ముక్కు అలా వచ్చింది.

నకత్సు పిట్ట బొమ్మను రైలుకు అతికించలేదు. నిరోధం, ఒత్తిడి, సుడి: పక్షికీ యంత్రానికీ సమానంగా వర్తించే మాటల్లో ప్రశ్న వేశాడు. అదే ఏడాది జానిన్ బెన్యుస్ రాసిన ‘బయోమిమిక్రీ’ పుస్తకం ప్రకృతిని అనుకరించే ఈ పద్ధతికి ప్రచారం తెచ్చింది. 2008లో ఆమె సహస్థాపకురాలిగా ఉన్న సంస్థ ఆస్క్‌నేచర్ అనే భాండాగారం తెరిచింది. అందులో ప్రకృతి ఉపాయాల్ని జీవి పేరుతో కాకుండా అది చేసే పనిని బట్టి వెతుక్కోవచ్చు. చప్పుడు తగ్గించాలా, తడి అంటకుండా చూడాలా అని అడిగితే చాలు.

డిజైన్ చదివే పిల్లలు నేర్చుకోవలసింది ఇదే: ముందు పనేమిటో తేల్చుకోండి, తర్వాత ప్రకృతిని అడగండి.