లెక్క అడిగే నోరు

హోటల్ గది ఖాళీ చేసేటప్పుడు ఏం మాట్లాడాలో చెప్పే స్పోకెన్ ఇంగ్లీషు పుస్తకాల్లో ఎక్కువగా కనిపించేవి మర్యాద వాక్యాలే. ‘ఐ వుడ్ లైక్ టు చెకౌట్’, ‘కెన్ ఐ హావ్ ది బిల్, ప్లీజ్’, ‘థాంక్యూ, వుయ్ ఎంజాయ్డ్ అవర్ స్టే’. వీటిలో తప్పేమీ లేదు. అయితే ఇలాంటి పుస్తకాల చరిత్ర తిరగేస్తే, బస విడిచేవేళ మాటలకున్న అసలు పని వీడ్కోలు కాదనీ, లెక్క తేల్చుకోవడమనీ అర్థమవుతుంది. ఆ పనికొచ్చే వాక్యాలకే నేటి పాఠాల్లో చోటు కరువైంది.

యూరప్‌లో సంభాషణ పుస్తకాలను పెంచి పోషించింది వర్తకుల అవసరం. పద్నాలుగో శతాబ్దంలో బ్రూజ్ నగరంలో ఫ్రెంచి, ఫ్లెమిష్ భాషల్లో ఒక వాచకం తయారైంది. దాని ఆధారంగా విలియం కాక్స్‌టన్ 1480 ప్రాంతంలో ఇంగ్లండులో ఫ్రెంచి-ఇంగ్లీషు సంభాషణలు అచ్చువేశాడు. అందులో బాటసారులు రాత్రికి ఒకచోట దిగుతారు. దీపం, కాళ్లు కడుక్కోవడానికి వేడినీళ్లు, పడక అన్నీ అమరుతాయి. లెక్క పొద్దున చూసుకుందాం, మీకు తృప్తి కలిగేలా ఇస్తాం అని ఆ బస నడిపే ఇంటావిడకు మాటిస్తారు. పదహారో శతాబ్దంలో ఆంట్వెర్ప్ పంతులు నోయెల్ ద బెర్లేమాంట్ కూర్చిన పుస్తకం తర్వాత ఎనిమిది భాషల దాకా పెరిగింది. అందులో బసలో మాటలకు ఒక అధ్యాయం ఉంటే, బాకీ అడిగే మాటలకు ఇంకో అధ్యాయం ఉంది. ఈ శ్రద్ధకు చట్టం కూడా తోడైంది. అతిథి సామాను పోతే బస యజమానే జవాబుదారీ అని ఇంగ్లండులో 1584 నాటి కేలీ కేసు స్థిరపరిచింది. అందుకు బదులుగా, డబ్బు చెల్లేదాకా ఆ సామాను ఆపిపెట్టుకునే హక్కు యజమానికి ఉండేది. లెక్క తెగితేగాని మూట గడప దాటదు. అలాంటి చోట ప్రయాణికుడికి నోరు ఉండితీరాలి.

మరి తెలుగుదేశంలో ఈ మాటల అవసరం ఎందుకు పడలేదు? సత్రాలు ధర్మానికి నడిచేవి కాబట్టి అని చటుక్కున చెప్పవచ్చు. అందులో నిజముంది. 1830లో కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామి మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్, ఇంగ్లీషు బాగా తెలిసినవాడు. సత్రంలో దిగినప్పుడు ఆ ఇంగ్లీషుతో ఆయనకు పనిలేదు. కానీ డబ్బు తీసుకుని అన్నం పెట్టే పూటకూళ్ల ఇళ్లు కూడా మనకు ఉన్నాయి. క్రీడాభిరామం అనే పాత తెలుగు కావ్యం ఓరుగల్లులోని అలాంటి ఇంటిని చూపిస్తుంది: కర్పూరభోగి అన్నం, గోధుమ పిండివంట, కొత్త నెయ్యి, పెసరపప్పు, అరటిపళ్లు, పెరుగు, అన్నీ కలిపి ఒక్క రూక. కాబట్టి తేడా ఉచితానికీ డబ్బుకీ మధ్య లేదు. ధర ముందే తెలిసిన చోట పేచీ పుట్టదు, మాటలూ అక్కర్లేదు. తిన్నాక, పడుకున్నాక ఎవరో కూర్చుని పద్దు రాసే చోటే వాక్యాలు కావాలి. పంతొమ్మిదో శతాబ్దపు యూరప్ హోటళ్లు కొవ్వొత్తికి వేరుగా, సేవకు వేరుగా రాసేవి, ప్రయాణికులు గొణిగేవారు. 1868లో యాత్రలు నడిపే ఇంగ్లీషు వ్యాపారి థామస్ కుక్ హోటల్ కూపన్లు తెచ్చాడు. ముందే కొనుక్కున్న కాగితం ఇస్తే పడకకూ భోజనానికీ చెల్లినట్టే. భాష రానివాడికి అంతకన్న మేలు ఏముంటుంది! నాకు తెలిసి ఏ సంభాషణ పుస్తకమూ చేయలేని సాయం అది.

ఇప్పుడు బిల్లు కంప్యూటర్ ఇస్తుంది, గది అద్దె ముందే తెలుసు, ఇంకా పేచీ ఎక్కడిది అంటారు. అద్దె తెలుసు, దాని కింద చేరే వరసలు తెలియవు. సర్వీస్ చార్జీని హోటళ్లు, రెస్టారెంట్లు బిల్లులో తమంతట తాము కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇవ్వాల్సి వచ్చింది. వాటిని ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో సమర్థించింది. పాత కొవ్వొత్తి పద్దు వేషం మార్చుకుందంతే. ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చినవాడు బిల్లు మీద ప్రశ్న వేస్తే మోటుగా ఉంటుందనే జంకు కూడా ఉంది. కాక్స్‌టన్ బాటసారులు లెక్కనూ ఇంటావిడ తృప్తినీ ఒకే మాటలో కలిపారు, అందులో మోటుతనమేమీ లేదు. ‘వాట్ ఈజ్ దిస్ చార్జ్ ఫర్?’, ‘వుయ్ డిడ్ నాట్ ఆర్డర్ దిస్’, ‘ప్లీజ్ రిమూవ్ ది సర్వీస్ చార్జ్’. ఈ మూడూ ‘థాంక్యూ’ కన్న ముందు నేర్పదగిన వాక్యాలు.