పీపా, ఫిరంగి, నాటు తుపాకి

పేపర్లో ఒక పేజీలో 'బ్యారెల్ చమురు ధర' అని ఉంటుంది. ఇంకో పేజీలో 'డబుల్ బ్యారెల్ తుపాకి స్వాధీనం' అని ఉంటుంది. చమురు బ్యారెల్ అంటే 159 లీటర్ల కొలత. తుపాకి బ్యారెల్ అంటే గుండు బయటికొచ్చే ఇనప గొట్టం. పొట్ట ఉబ్బిన చెక్క పీపాకీ ఈ సన్నటి గొట్టానికీ ఇంగ్లిషువాడు ఒకే పేరు ఎందుకు పెట్టాడా అని నాకు చాలాకాలం అనుమానం.

జవాబు కమ్మరి కొలిమిలో ఉంది. పదిహేనో శతాబ్దంలో యూరప్ కమ్మరికి అంత పెద్ద గొట్టాన్ని ఇనుముతో ఒకే ముక్కగా పోతపోయడం చేతకాలేదు. అందుకని పీపాలు చేసేవాడి పద్ధతి పట్టుకున్నాడు. పొడవాటి ఇనప బద్దలు గుండ్రంగా పక్కపక్కన పేర్చి, వాటి మీదికి ఎర్రగా కాల్చిన ఇనప కట్లు దిగ్గొట్టేవాడు. చల్లారేకొద్దీ కట్టు బిగుసుకునేది. ఎడిన్‌బరో కోటలో ఇప్పటికీ ఉన్న 1449 నాటి 'మాన్స్ మెగ్' అలా తయారైందే. 1681లో పేలుస్తుంటే అది కాస్తా పగిలిపోయింది. 'గన్' అన్న మాట కథ ఇంకా వింత. 1330 ప్రాంతపు విండ్సర్ కోట ఆయుధాల పట్టీలో ఒక పెద్ద బాణాల యంత్రానికి 'దొమినా గునిల్డా', అంటే గునిల్డా దొరసాని, అని పేరు రాసి ఉంది. ఆ ఆడపేరే కురచనై గన్ అయిందంటారు పండితులు.

మరి మనం? మనది తుపాకి గొట్టం. పీపా ఊసే లేదు. ఉండడానికి మన దగ్గర చెక్క పీపాలు చేసే వృత్తి ఉంటేగా! నీళ్ళకి కాగు, బాన. నూనెకీ నెయ్యికీ తోలు సిద్దె. పీపా ఓడలో దిగిన వస్తువు. పేరూ ఓడలోనే దిగింది: మేస్త్రి, అల్మారా, పాదిరి లాగా అదీ పోర్చుగీసు మాటే. దాని మూలం పిల్లనగ్రోవి లాంటి ఊదే గొట్టానికి వాడిన లాటిన్ మాట. అంటే పోర్చుగీసువాడి దగ్గర గొట్టం పీపా అయింది, ఇంగ్లిషువాడి దగ్గర పీపా గొట్టం అయింది. ఎదురెదురు ప్రయాణాలు. ఇంగ్లిషు 'పైపు'కి కూడా మూలం ఆ లాటిన్ మాటే కాబట్టి, మనింట్లో కుళాయి పైపూ మన పీపా ఒక తల్లి పిల్లలే. ఎక్కి వచ్చిన ఓడలే వేరు. 'టన్ను' కూడా మొదట్లో పెద్ద ద్రాక్షసారా పీపా పేరే. జగ్గయ్యపేట నుంచి సిమెంటు లారీ ఇన్ని టన్నుల లోడుతో వెళ్ళిందంటే, పాత లెక్కలో అన్ని సారా పీపాలు వెళ్ళినట్టు.

మాది నందిగామ వైపు. మా ఊళ్ళ మీదుగా పోయే హైదరాబాదు రోడ్డుకి ఒక కొస బందరు. 1611లో ఇంగ్లిషు కంపెనీ ఓడ వచ్చి ఆగిన రేవు అది. ఆ రోడ్డు బెజవాడ, నందిగామ, జగ్గయ్యపేట దాటుకుని హైదరాబాదు చేరుతుంది. అక్కడ నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమాన్ 1795లో కట్టించిన ఫిరంగుల కార్ఖానా ఉంది. ఆ పేట పేరే గన్‌ఫౌండ్రీ. ఉర్దూలో 'తోప్ కా సాంచా', అంటే ఫిరంగి అచ్చు. ఓడ మీద వచ్చిన మాటలు ఒక కొసన, తురకల వెంట నేల మీద వచ్చిన మాటలు ఇంకో కొసన. 'తోప్' తుర్కీ మాట. మన 'తుపాకి' కూడా అంతే. తుర్కీలో దాని పాత అర్థం, పిట్టల్ని కొట్టడానికి నోటితో ఊదే గొట్టం. కాబట్టి 'తుపాకి గొట్టం' అంటే గొట్టం గొట్టం! 'గేటు తలుపు' అని మనం రోజూ అనట్లేదూ, అలాగే ఇదీ. ఇక ఫిరంగి అంటే ముందు తెల్లవాడు, ఆ తర్వాతే వాడు తెచ్చిన ఆయుధం. 'ఫ్రాంక్' అన్న జాతి పేరు అరబ్బుల నోటా పారశీకుల నోటా నలిగి మన దాకా వచ్చింది.

నాకు చిరాకు పుట్టేది ఇక్కడే. ఇంగ్లిషు మాట వస్తువుని ఎలా చేశారో దాచిపెట్టుకుంది. మన మాటలు ఎవరు తెచ్చారో మాత్రమే చెప్తాయి. ఈ పేర్లు చూసి మనవాళ్ళకి ఫిరంగి చేయడం రాదనుకుంటే పొరపాటు. తంజావూరు కోటలో 'రాజగోపాల ఫిరంగి' ఉంది. పదిహేడో శతాబ్దంలో తెలుగు నాయక రాజు రఘునాథ నాయకుడి కాలంలో చేసిందంటారు. బరువు సుమారు 22 టన్నులు. లోపల 43 పొడవాటి ఇనప బద్దలు, వాటి మీద వరసగా బిగించిన ఇనప కట్లు. అచ్చం పీపా! కానీ ఆ కమ్మరి ఎదురుగా ఏ పీపా ఉంది? నా ఊహ ఏమిటంటే, అతనికి బండి చక్రం తెలుసు. పట్టాని ఎర్రగా కాల్చి, చక్రం మీదికి ఎక్కించి, నీళ్ళు పోస్తే బిగుసుకోవడం మన ఊళ్ళలో మొన్నమొన్నటిదాకా చూసిన పనే. ఆ పనితనం ఫిరంగి పేరులోకి ఎక్కలేదు, అంతే.

ఆయుధాలు చేతుల్లోంచి ఎలా పోయాయో చెప్పే మాట ఇంకోటుంది: 'సిబ్బంది'. ఇప్పుడది ఆఫీసు స్టాఫు. పూర్వం శిస్తు వసూలుకీ కాపలాకీ పెట్టుకున్న సాయుధ భటులు. తండ్రి పేరున జగ్గయ్యపేట వెలయించిన వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి కాలానికి జమీందారు అంటే బలగం ఉన్నవాడే. ముక్త్యాల సంస్థానమూ వాసిరెడ్డి వారిదే. 1802లో మద్రాసు ప్రభుత్వం శాశ్వత శిస్తు పద్ధతి తెచ్చాక జమీందారుకి పేష్కష్ కట్టడమే పని, సైన్యంతో పని లేదు. కృష్ణ ఒడ్డున ముక్త్యాల కోట నిలబడే ఉంది, సిబ్బంది మాత్రం కచేరీ గుమాస్తాలయ్యారు. 1878 ఆయుధాల చట్టంతో లైసెన్సు లేకుండా తుపాకి ఉంచుకోవడమే కాదు, చేయడమూ నేరమైంది. కొలిమికి నాగలి కర్రూ, కొడవలీ, బండి పట్టా మిగిలాయి.

అన్నట్టు, ఇది మనవాడు చేసిన తుపాకి అని చెప్పే తెలుగు మాట నాకు ఒక్కటే దొరికింది: 'నాటు తుపాకి'. అది కనిపించేది పోలీసులు పట్టుకున్న సామాన్ల జాబితాలోనే.