గీత ముందు, తీగ వెనక: చైనా టెలికాం డిజైన్ సంస్థల కథ

ఒక నగరంలో ఏడంతస్తుల మేడ మీద మొబైల్ బేస్ స్టేషన్ పెట్టాలి. పరికరాలు ఇంకా గోదాము దాటలేదు, పనివాళ్లు ఇంకా రాలేదు. వాళ్లకంటే ముందు ఇద్దరు మనుషులు ఆ డాబా ఎక్కుతారు. సంచిలో దిక్సూచి, కొలత టేపు, జీపీఎస్ పరికరం, కెమెరా ఉంటాయి. ముందుగా ఆ చోటి అక్షాంశ రేఖాంశాలు రాసుకుంటారు. తర్వాత ఉత్తరం నుంచి మొదలుపెట్టి, 45 డిగ్రీలకొకటి చొప్పున చుట్టూ ఎనిమిది ఫొటోలు తీస్తారు. ఎదురుగా ఏ భవనం అడ్డొస్తోంది, యాంటెన్నా ఏ దిక్కుకు తిప్పాలి, ఎంత వంచాలి, స్లాబు ఎంత బరువు మోస్తుంది, కరెంటు ఎక్కడి నుంచి లాగాలి, కేబుల్ ఏ గోడ వెంట దిగాలి అన్నీ చూసి, చేత్తో ఒక చిత్తుపటం గీసుకుని కిందికి దిగుతారు.

చైనాలో లక్షలాది బేస్ స్టేషన్లు ఇలాంటి చిత్తుపటాల నుంచే పుట్టాయి. ఆ ఇద్దరూ ఫోన్ సేవలు అమ్మే కంపెనీ ఉద్యోగులు కారు, పరికరాలు తయారుచేసే కంపెనీ మనుషులూ కారు. వాళ్లది డిజైన్ సంస్థ. చైనా వాళ్లు దాన్ని ‘షెజీయువాన్’ అంటారు.

చైనా టెలికాం అనగానే మనకు హువావే, జడ్‌టీఈ పేర్లు గుర్తొస్తాయి. పెట్టె తయారుచేసినవాడి పేరు పెట్టె మీద ఉంటుంది కాబట్టి లోకానికి తెలుస్తుంది. ఆ పెట్టె ఎక్కడ ఉండాలో, దాని పక్కన ఇంకేం ఉండాలో, ఎంత ఖర్చవుతుందో తేల్చినవాడి పేరు పటం మూలన చిన్న గడిలో ఉండిపోతుంది. గత డెబ్భై ఏళ్లలో ఆ దేశంలో మంత్రిత్వ శాఖలు రద్దయ్యాయి, మళ్లీ పుట్టాయి. కంపెనీలు చీలాయి, కలిశాయి. ఇన్ని మార్పుల్లోనూ నెట్‌వర్క్ జ్ఞాపకాన్ని చెదరకుండా కాపాడింది ఈ డిజైన్ సంస్థలే. వాటి చరిత్ర తెలియకపోతే చైనా టెలికాం చరిత్ర సగమే తెలిసినట్టు.

తీగ వేసే ముందు దారి చూడాలన్న పాఠం చైనాకు టెలిగ్రాఫ్ కాలంలోనే ఎదురైంది. 1865లో షాంఘై దగ్గర ఒక విదేశీ వ్యాపారి అనుమతి లేకుండా టెలిగ్రాఫ్ స్తంభాలు పాతిస్తే ఊళ్లవాళ్లు వాటిని పీకి పారేశారు. నేల, నీరు, పూర్వీకుల సమాధుల అమరికకు సంబంధించిన ఫెంగ్‌షుయి నమ్మకాలు అక్కడ బలమైనవి. పరాయివాడు తమ నేలలో గుంట తవ్వడం మీద కోపం కూడా దానికి తోడైంది. 1871లో డెన్మార్క్‌కు చెందిన గ్రేట్ నార్తర్న్ కంపెనీ సముద్ర గర్భం గుండా కేబుల్‌ను షాంఘైకి చేర్చింది. పదేళ్ల తర్వాత, అప్పటి ప్రభుత్వంలో పెద్ద అధికారి అయిన లీ హోంగ్‌జాంగ్ చొరవతో 1881 డిసెంబరులో షాంఘై, తియాన్‌జిన్ నగరాల మధ్య చైనా సొంత టెలిగ్రాఫ్ లైను మొదలైంది. పొడవు సుమారు 3,000 లీలు, అంటే దాదాపు 1,500 కిలోమీటర్లు. డబ్బు, అధికారం చైనావి. ఇంజినీరింగ్ చూసుకున్నది మాత్రం డేన్లు, అంటే డెన్మార్క్ ఇంజినీర్లు. సొంత లైను ఉంది కానీ సొంతంగా గీసిన పటం లేదు. ఈ లోటు ఆ తర్వాత డెబ్భై ఏళ్లపాటు పూర్తిగా తీరలేదు.

1949లో కొత్త ప్రభుత్వం వచ్చేనాటికి వెయ్యి మందికి ఒక్క ఫోన్ కూడా లేదు. ఆ ఏడాది నవంబరులో తంతి తపాలా మంత్రిత్వ శాఖ ఏర్పడింది. మూడేళ్లకు, 1952లో, ఆ శాఖ కిందే డిజైన్ విభాగం మొదలైంది. ప్రతి శాఖకూ ఒక డిజైన్ సంస్థ ఉండాలి, ఏ కట్టడమైనా ముందు ఆ సంస్థ బల్ల మీద పటంగా పుట్టాలి అన్న పద్ధతి సోవియట్ యూనియన్ నుంచి వచ్చింది. రైల్వేలకు, ఉక్కుకు, బొగ్గుకు ఉన్నట్టే టెలిఫోన్‌కూ ఒక షెజీయువాన్ వచ్చింది. నేటి చైనా మొబైల్ డిజైన్ ఇన్‌స్టిట్యూట్ తన వయసును ఆ 1952 నుంచే లెక్కిస్తుంది. తర్వాతి కాలంలో హెనాన్‌లోని జెంగ్‌జౌకు తరలి, చివరికి చైనా యూనికామ్ గూటికి చేరిన మరో పెద్ద సంస్థ కూడా అదే ఏడాదిని పుట్టిన సంవత్సరంగా చెప్పుకుంటుంది.

1958లో బీజింగ్ నడిబొడ్డున గడియారపు బురుజుతో టెలిగ్రాఫ్ భవనం లేచింది. దాన్ని గీసిన వాస్తుశిల్పి లిన్ లెయీ. స్వదేశీ డిజైన్‌తో కట్టిన మొదటి పెద్ద టెలిగ్రాఫ్ భవనంగా చైనా వాళ్లు దాన్ని గర్వంగా చెప్పుకుంటారు. 1881లో డేన్ల చేతిలో ఉన్న పెన్సిల్ ఇప్పుడు వాళ్ల చేతికి వచ్చింది.

ఇంతకీ ఈ సంస్థ చేసే పనేమిటి? పని మెట్లు మెట్లుగా నడుస్తుంది. మొదట సాధ్యాసాధ్యాల నివేదిక: ఈ లైను అవసరమా, ఎన్నేళ్లకు సరిపోవాలి, ఏ దారిన వేయాలి. తర్వాత ప్రాథమిక డిజైన్, దాంతోపాటు ఖర్చు అంచనా. చివరగా నిర్మాణ పటాలు, పైసా పైసా లెక్కగట్టిన బడ్జెట్. చిన్న పనులకు మెట్లు కలిపేస్తారు.

ఆ బడ్జెట్ కట్టడానికి ప్రభుత్వం ఒక కొలమానాల గ్రంథం అచ్చు వేస్తుంది. ఎంత పొడవు కందకానికి ఎన్ని పనిదినాలు, ఒక యాంటెన్నా బిగించడానికి ఎంతమంది మనుషులు, ఏ యంత్రం ఎన్ని షిఫ్టులు అని అందులో వరసగా ఉంటుంది. ఇటీవలి 2016 కూర్పులో ఐదు సంపుటాలున్నాయి: కరెంటు పరికరాలు, తీగల మీద నడిచే పరికరాలు, వైర్‌లెస్ పరికరాలు, కేబుల్ లైన్లు, భూగర్భ గొట్టాలు. నైపుణ్యం ఉన్న పనివాడి రోజు విలువ 2008 కూర్పులో 48 యువాన్లు ఉంటే, 2016లో 114 అయింది. మామూలు కూలీ విలువ 19 నుంచి 61కి పెరిగింది. ఒక దేశం ఎనిమిదేళ్లలో ఎంత మారిందో చెప్పడానికి ఆ రెండు వరసలు చాలు. టిబెట్‌లో గీసిన పటాన్నీ షాంఘైలో గీసిన పటాన్నీ ఒకే భాషలో చదవగలగడం ఈ గ్రంథాల చలవే.

మళ్లీ చరిత్రకు వస్తే, సాంస్కృతిక విప్లవం ఈ వ్యవస్థను గట్టిగా కుదిపింది. 1970 ప్రాంతంలో తంతి తపాలా శాఖే రద్దయింది. టెలికాం సైన్యం అజమాయిషీలోకి వెళ్లింది. 1973లో శాఖ మళ్లీ ప్రాణం పోసుకుంది. ఆ అల్లకల్లోలంలోనూ పని పూర్తిగా ఆగలేదు. బీజింగ్, షాంఘై, హాంగ్‌జౌలను కలుపుతూ ఒకేసారి 1,800 సంభాషణలు మోయగల కోయాక్సియల్ కేబుల్ 1976లో సిద్ధమైంది. కానీ అది పెద్ద నగరాల మధ్య దారి. సామాన్యుడి ఇంటికి ఫోన్ రాలేదు. 1978లో కూడా నూరు మందికి అర ఫోన్ లేదు.

అక్కడి నుంచి కథ పరుగందుకుంది. 1982 నవంబరులో ఫుజౌ నగరంలో జపాన్ ఫుజిత్సు కంపెనీ నుంచి తెచ్చిన ఎఫ్-150 డిజిటల్ ఎక్స్‌ఛేంజి, పదివేల లైన్లతో, పనిచేయడం మొదలుపెట్టింది. దేశంలో ఆ తరహాలో అదే మొదటిది. డిజైన్ ఇంజినీర్లు పాత లెక్కలన్నీ తిరగరాసుకోవాల్సి వచ్చింది. టకటకలాడే పాత యంత్రాలకు కట్టిన హాలు వేరు, చల్లదనం కోరే కంప్యూటర్‌కు కట్టే గది వేరు. నేల బరువు, గాలి, తేమ, బ్యాటరీలు, భూమికి దించే ఎర్తింగ్ అన్నీ మారిపోయాయి.

రాష్ట్రాల సంస్థలు వికసించింది ఈ కాలంలోనే. నాన్‌జింగ్‌లోని జియాంగ్సు సంస్థ మాత్రం అంతకుముందే, 1963లో పుట్టింది. గ్వాంగ్‌డాంగ్ సంస్థ, హాంగ్‌జౌలో ఇప్పుడు హువాషిన్ పేరుతో ఉన్న సంస్థ 1984లో పుట్టాయి. 1987 నవంబరులో దేశంలో మొదటి సెల్యులార్ సేవ గ్వాంగ్‌డాంగ్‌లో మొదలైంది. అప్పటిదాకా గీతలు గీసిన ఇంజినీర్లు వలయాలు గీయడం నేర్చుకున్నారు. తీగ ఎక్కడికి వెళుతుందో కంటికి కనిపిస్తుంది, రేడియో తరంగం కనిపించదు. జపాన్ శాస్త్రజ్ఞులు ఒకుమురా, హాతా టోక్యో కొలతల మీద కట్టిన సూత్రాలను తెచ్చి, తమ నగరాల్లో సంకేతం ఎంత పడుతోందో బండిలో తిరుగుతూ కొలిచి, వాటిని తమ వీధులకు తగ్గట్టు సరిదిద్దుకోవాల్సి వచ్చింది.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఒక్కో నగరం దొరికిన అప్పుతో ఒక్కో దేశం యంత్రం కొన్నది. ‘ఏడు దేశాలు, ఎనిమిది పద్ధతులు’ అని చైనాలో ఇప్పటికీ చెప్పుకుంటారు. జపాన్ నుంచి ఎన్‌ఈసీ, ఫుజిత్సు, అమెరికా నుంచి ఏటీ అండ్ టీ, కెనడా నుంచి నార్టెల్, స్వీడన్ నుంచి ఎరిక్‌సన్, జర్మనీ నుంచి సీమెన్స్, బెల్జియం నుంచి బీటీఎం, ఫ్రాన్స్ నుంచి అల్కటెల్. ఒకదాని మాట ఇంకొకదానికి అర్థమయ్యేలా ఒకే సంకేత పద్ధతి కిందికి తేవాలి, నంబర్ల పథకం ఒకటే ఉండాలి, గడియారాలు కలవాలి. పరికరం అమ్మినవాడు తన పరికరం వరకే చూస్తాడు. మొత్తాన్ని ఒక్క పటం మీద చూడాల్సినవాడు డిజైన్ ఇంజినీరే. ఈ వృత్తికి చైనా సమాజం అసలైన బాకీ పడింది ఇక్కడేనని నా నమ్మకం.

1990లలో దేశమంతటా నిలువుగా ఎనిమిది, అడ్డంగా ఎనిమిది ఆప్టికల్ ఫైబర్ దారులు వేసే పథకం నడిచింది. అందులో అతి కష్టమైనది లాంజౌ నుంచి షీనింగ్ మీదుగా లాసా చేరిన దారి. 1998లో పూర్తయిన ఆ కేబుల్ పొడవు 2,700 కిలోమీటర్ల పైమాటే. సైనికులు, పౌరులు కలిసి తవ్వారు. టిబెట్ పీఠభూమి మీద నేల చలికి గడ్డకట్టి ఉబ్బుతుంది, ఎండకు కరిగి కుంగుతుంది. పాతిన గొట్టాన్ని పైకి నెట్టేస్తుంది, పక్కకు లాగేస్తుంది. ఎంత లోతు తవ్వాలి, ఏ నదిని ఎక్కడ దాటాలి అన్నది బల్ల దగ్గర కూర్చుంటే తేలదు. ఊపిరి అందని ఎత్తులో ఎవరో ఒకరు ముందు నడిచి చూడాల్సిందే.

తర్వాతి దశాబ్దమంతా చీలికల కాలం. 1998లో తంతి తపాలా శాఖ సమాచార పరిశ్రమల శాఖలో కలిసిపోయింది. ఆ వెనకే చైనా టెలికాం నుంచి చైనా మొబైల్ విడిపోయింది. 2002లో ఉత్తర దేశపు లైన్లు చైనా నెట్‌కామ్‌కు వెళ్లాయి. 2008లో మళ్లీ కలిపి మూడు పెద్ద కంపెనీలుగా సర్దారు. ఆస్తులు పంచుకున్నప్పుడు డిజైన్ సంస్థలు కూడా పంపకాలకు వచ్చాయి. బీజింగ్ సంస్థ చైనా మొబైల్‌కు, జెంగ్‌జౌ సంస్థ యూనికామ్‌కు దక్కాయి. రాష్ట్రాల సంస్థల్లో చాలావరకు చైనా టెలికాం వైపు చేరాయి. షాంఘై, జెజియాంగ్, ఫుజియన్, హుబే, గ్వాంగ్‌డాంగ్, హైనాన్‌లలోని ఇలాంటి సంస్థలను ఒక్క గొడుగు కిందికి తెచ్చి 2006లో చైనా కమ్యూనికేషన్స్ సర్వీసెస్ కంపెనీ పెట్టారు. అదే ఏడాది డిసెంబరులో దాని షేర్లు హాంకాంగ్ మార్కెట్లోకి వచ్చాయి. శాఖ కొలువులో ఉన్న పటాల గది వాటాదారులకు లెక్క చెప్పే కంపెనీ అయింది.

ఫీజు సంగతి ఇక్కడ వివరంగా చెప్పాలి. 2002లో ప్రభుత్వం ప్రకటించిన పట్టిక ప్రకారం 20 లక్షల యువాన్ల పనికి మూల డిజైన్ ఫీజు 90,000 యువాన్లు. 10 కోట్ల పనికి 30.48 లక్షలు. అంటే నాలుగున్నర శాతం నుంచి మూడు శాతానికి దిగుతుంది. ఖర్చు పెరిగిన కొద్దీ ఫీజు పెరుగుతుంది కాబట్టి, పొదుపుగా గీసినవాడికి దక్కేది తగ్గుతుంది. ఇది ఆ పద్ధతిలోని లోపం. 2015లో ధరలను మార్కెట్‌కు వదిలేశారు. అప్పుడు లోపం తిరగబడింది. టెండర్లలో ఎవరు ఎక్కువ తగ్గిస్తే పని వాళ్లదే. ఫీజు తగ్గితే ముందుగా కోతపడేది డాబా ఎక్కే గంటలకే. పాత ఫొటోలతో, ఉపగ్రహ చిత్రంతో సరిపెడదామన్న ఆశ పుడుతుంది. ఫుజౌకు చెందిన ఫుచున్ అనే ప్రైవేటు డిజైన్ కంపెనీ 2012లో షేర్ మార్కెట్ ఎక్కి, కొన్నేళ్లకే ఆన్‌లైన్ ఆటల వ్యాపారం వైపు మళ్లింది. ఈ వృత్తిలో లాభం ఎంత పలచబడిందో దాన్నిబట్టి ఊహించవచ్చు.

2014లో చైనా టవర్ కంపెనీ ఏర్పడటంతో మూడు కంపెనీలూ ఒకే టవర్‌ను పంచుకునే రోజులొచ్చాయి. మూడు వేర్వేరు పటాల బదులు ఒక్క స్తంభం మీద ముగ్గురి యాంటెన్నాలు, ముగ్గురి బరువు, ముగ్గురి కరెంటు లెక్క కట్టాలి. 2019లో 5జీ అనుమతులు వచ్చాయి. 4జీ కంటే చాలా ఎక్కువ కరెంటు తాగే ఆ పరికరాల కోసం పాత గదుల బ్యాటరీలు, తీగలు అన్నీ మళ్లీ లెక్కించారు. 2024 చివరికి 5జీ బేస్ స్టేషన్లు 42 లక్షలు దాటాయి. 2022లో, తూర్పున పుట్టే డేటాను పడమటి రాష్ట్రాల్లో ప్రాసెస్ చేసే జాతీయ పథకం మొదలైంది. డిజైన్ సంస్థల పనిలో డేటా సెంటర్ల వాటా పెరిగింది. ఈ అనుభవం దేశం ఎల్లలు కూడా దాటింది. టాంజానియా జాతీయ బ్రాడ్‌బ్యాండ్ కేబుల్‌ను వేసింది చైనా కమ్యూనికేషన్స్ సర్వీసెస్ గొడుగు కింది కంపెనీయే. 1881లో డేన్లు చైనాలో నిలబడిన చోట ఇప్పుడు చైనా ఇంజినీర్లు ఆఫ్రికాలో నిలబడ్డారు.

ఈ విజయంలోనే ఒక ప్రశ్న కూడా ఉంది. పెద్ద డిజైన్ సంస్థలన్నీ ఇప్పుడు దాదాపుగా తమ ఖాతాదారుల సొంత ఆస్తులు. పని ఇచ్చేవాడూ యజమానీ ఒకడే. దీనివల్ల మేలు లేకపోలేదు. కంపెనీ పాత కేబుల్ ఎక్కడ పాతిందో సంస్థకు తెలుసు, కాబట్టి పని వేగంగా సాగుతుంది. చైనా ఇంత తక్కువ కాలంలో ఇంత పెద్ద నెట్‌వర్క్ కట్టడానికి ఈ దగ్గరతనం తోడ్పడింది. కానీ డిజైనర్ వృత్తి ధర్మంలో అవసరమైనప్పుడు వద్దని చెప్పడం కూడా ఒకటి. ఈ స్లాబు మోయదు, ఈ దారి వరదలో మునుగుతుంది, ఇక్కడ ఇంకో టవర్ అక్కర్లేదు అని యజమానికే చెప్పాలి. తరుముకొచ్చే గడువులో, తగ్గిపోయిన ఫీజులో, ఆ మాట అనడం ఏ దేశంలోనైనా కష్టమే.

చైనా పటాల్లో కుడివైపు కింది మూలన ఒక గడి ఉంటుంది. గీసినవారు, సరిచూసినవారు, ప్రాజెక్టు బాధ్యులు అందులో ఒకరి కింద ఒకరు సంతకాలు పెడతారు. డెబ్భై ఏళ్లలో పెన్సిల్ పోయి కంప్యూటర్ వచ్చింది, నీలం కాగితం పోయి ఫైలు వచ్చింది, గడి మాత్రం అక్కడే ఉంది. డాబా ఎక్కి, ఎనిమిది దిక్కులూ చూసి, సరిపోదనుకున్న చోట సంతకం ఆపగలిగినవాడు ఉన్నంతకాలమే ఆ గడికి విలువ. ఆ మనిషికి చాలినంత సమయం, చాలినంత జీతం ఇవ్వడం నెట్‌వర్క్ కట్టే ప్రతి దేశానికీ మొదటి ఖర్చు కావాలి.